సెట్టు కాదు, తీగను చూపించండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా ఏప్రిల్ 18న ప్రపంచ అమెచ్యూర్ రేడియో దినం జరుపుకుంటారు. 1925లో ప్యారిస్‌లో అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ ఏర్పడిన రోజది. ఆ రోజు గానీ, ఎక్కడైనా తుపానో భూకంపమో వచ్చినప్పుడు గానీ హ్యామ్ రేడియో మీద, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచిగా నడిపే ఈ అమెచ్యూర్ రేడియో మీద, పత్రికల్లో ఒక వార్త పడుతుంది. దాంతో పాటు వేసే ఫొటో దాదాపు ఎప్పుడూ ఒకటే: బల్ల మీద సెట్టు, దాని ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు పట్టుకున్న మనిషి. ఆ సెట్టు వెనక నుంచి బయల్దేరిన నల్లటి కేబుల్ ఎక్కడికి పోయిందో, దాని చివర ఏం వేలాడుతోందో ఫొటోలో ఉండదు, వార్తలోనూ ఉండదు. చదివిన కుర్రకారు సెట్టు కొంటే చాలనుకుంటారు. ఉన్న డబ్బంతా దానికే పోసి, కిటికీ ఊచకు ఓ వైరు ముక్క కట్టి, వారం రోజులు బుస్సుమనే రొద విని, విసిగి పక్కన పెట్టేస్తారు. ఈ ఉత్తరం ఆ కేబుల్ అవతలి చివర గురించి.

కొత్తవాళ్లు మొదట కట్టుకోవలసింది 40 మీటర్ల బ్యాండుకు (తరంగం పొడవు సుమారు 40 మీటర్లుండే ఫ్రీక్వెన్సీల పట్టీకి) అర తరంగ డైపోల్. అంటే సమానమైన రెండు తీగలు, మధ్యలో కోయాక్స్ కేబుల్ (లోపల ఒక తీగ, దాని చుట్టూ లోహపు అల్లిక ఉండే కేబుల్), అంతే. 7 మెగాహెర్ట్జ్ పైన ఉండే ఈ బ్యాండు పగటిపూట కొన్ని వందల కిలోమీటర్ల లోపలి వాళ్లను కలుపుతుంది. పొద్దుగూకి అయనోవరణంలో అడుగున ఉండే డి పొర కరిగిపోగానే వేల కిలోమీటర్ల అవతలి గొంతులు తేలి వస్తాయి. ఒకే తీగ మీద రెండు రకాల ప్రపంచం వినిపిస్తుంది కాబట్టే దీనితో మొదలుపెట్టమంటాం.

లెక్క చిన్నదే. 143ని మెగాహెర్ట్జ్‌లో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే రెండు చేతులూ కలిపిన పొడవు మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు 20.14 మీటర్లు. ఒక్కో చేతికి 10 మీటర్ల 7 సెంటీమీటర్లు. ఇది ఒట్టి రాగి తీగ లెక్క. ప్లాస్టిక్ తొడుగున్న వైరైతే ఆ తొడుగులో తరంగం కాస్త నెమ్మదిస్తుంది, కావలసిన పొడవు నూటికి రెండు నుంచి నాలుగు వంతులు తగ్గుతుంది. తొడుగు మందాన్ని బట్టి, నేల నుంచి ఉన్న ఎత్తును బట్టి, దగ్గరున్న గోడలను బట్టి కూడా మారుతుంది. అందుకే కాగితం మీది పొడవుకు ఠక్కున కోసేయకూడదు. ఒక్కో చేయి 10.60 మీటర్లకు కోసి, చివర 25 సెంటీమీటర్లు ఇన్సులేటర్ రంధ్రంలోంచి వెనక్కి మడిచి తీగ మీదే మెలిపెట్టాలి. అలా మడిచి చుట్టిన ముక్క పొడవు లెక్కలోకి దాదాపు రాదు. సరిచేయడానికి కత్తెర అక్కర్లేదు, మడత పెంచితే పొట్టి, విప్పితే పొడుగు.

పైకి ఎత్తిన తర్వాతే కొలవాలి. నడుము ఎత్తులో కొలిచి సరిచేసింది పైకి వెళ్లాక మారిపోతుంది. మొత్తం పొడవు 20.70 మీటర్లు ఉన్నప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే అంకె, 1 అయితే ఏమీ తిరగనట్టు) అతి తక్కువగా 6.90 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపించిందనుకుందాం. 20.70ని 6.90తో గుణించి 7.10తో భాగిస్తే 20.12 వస్తుంది. అంటే మొత్తం మీద 58 సెంటీమీటర్లు తగ్గించాలి, రెండు వైపులా 29 చొప్పున. ఒకవైపే తగ్గిస్తే డైపోల్ ఒరిగిన తక్కెడ అవుతుంది. ఈ గుణకార భాగహారాలు చేయకుండా గుడ్డిగా నాలుగేసి సెంటీమీటర్లు కోస్తూ పోయి, చివరికి పొట్టి చేసుకుని అతుకులు వేసేవాళ్లు చాలామంది.

తీగగా మెత్తటి రాగి వాడితే అది నెలల తరబడి సాగుతూ ఉంటుంది, అనునాదం, అంటే తీగ బాగా పలికే ఫ్రీక్వెన్సీ, నెమ్మదిగా కిందికి జారుతుంది. కట్టే ముందు ఒక చివర బిగించి, రెండో చివర పట్టుకుని బాగా లాగి వదిలితే ఆ సాగుడు చాలావరకు ముందే అయిపోతుంది. మధ్య ముక్క (రెండు తీగలూ కోయాక్సూ కలిసే ఇన్సులేటర్) దగ్గర బరువంతా తీగకీ తాడుకీ పడాలి, టంకానికి పడకూడదు. కోయాక్స్‌ను ముందు ఆ ముక్కకే గట్టిగా కట్టి, దాని కొసలు మాత్రం వదులుగా ఉంచి తీగలకు అతకాలి. గాలికి మొదట తెగేది ఎప్పుడూ టంకం అంచునే, అక్కడ మెత్తటి తీగ గట్టిపడి పుల్లలా విరుగుతుంది. కట్టే తాడు నైలాన్ అయితే ఎండకు పీచుపీచు అవుతుంది. ఎండను తట్టుకునే పాలియెస్టర్ తాడు వాడటం మేలు.

ఎత్తు గురించి నిరాశపడేవాళ్లే ఎక్కువ. దూరదేశాలతో బాగా మాట్లాడాలంటే ఈ బ్యాండులో అర తరంగం ఎత్తు, అంటే 20 మీటర్లు కావాలి, అప్పుడే శక్తి క్షితిజానికి దగ్గరగా పోతుంది. ఎవరికుంటుంది అంత స్తంభం? పది మీటర్ల ఎత్తున కట్టిన డైపోల్ శక్తిలో ఎక్కువ భాగాన్ని నెత్తి మీదికి పంపుతుంది. అది అయనోవరణానికి తగిలి గొడుగులా చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర కిందికి దిగుతుంది. విపత్తులో పక్క పక్క జిల్లాలు మాట్లాడుకోవడానికి కావలసింది సరిగ్గా ఇదే. పొట్టి స్తంభం లోపమేమీ కాదు, అది వేరే పనికి వచ్చే యాంటెన్నా. ఒకటే స్తంభం ఉంటే మధ్య భాగాన్ని దాని కొసకు కట్టి రెండు చేతుల్నీ వాలుగా దించవచ్చు. వాటి మధ్య కోణం 90 డిగ్రీల కన్నా తగ్గకూడదు, కొసలు మనిషి చేతికి అందకూడదు. ప్రసారం జరుగుతున్నప్పుడు తీగ కొసల్లో వందల వోల్టులుంటాయి, తాకితే చర్మం లోపలి దాకా కాలుతుంది. ఇక కరెంటు తీగల మాట. మీ తీగ తెగి ఎటు పడినా, స్తంభం ఎటు ఒరిగినా కరెంటు తీగకు తగలనంత దూరం ఉంటేనే అక్కడ కట్టాలి, లేకపోతే చోటు మార్చాలి. మెరుపులున్నప్పుడు కేబుల్ విప్పి ఇంటి బయట పెట్టాలి.

డైపోల్ మధ్యలో ఉండవలసిన ఒక వస్తువును పుస్తకాల్లో చదివి కూడా చాలామంది వదిలేస్తారు. అది చోక్, వాడుకలో 1:1 కరెంట్ బాలన్ అంటారు. కోయాక్స్ లోపల మధ్య తీగ మీద, అల్లిక లోపలి ముఖం మీద కరెంటు ఎదురెదురుగా నడుస్తుంది. డైపోల్ దగ్గరికొచ్చేసరికి అల్లికకు వెలుపలి ముఖం కూడా దారిగా దొరుకుతుంది. అప్పుడు కేబుల్ అంతా యాంటెన్నాలో మూడో చేయి అయిపోతుంది. ఫలితం రెండు రకాలుగా కనబడుతుంది. మాట్లాడేటప్పుడు మైకు పెదవికి చురుక్కుమంటుంది, కంప్యూటరు ఆగిపోతుంది, మన గొంతు అవతల గరగరగా వినిపిస్తుంది. వినేటప్పుడు ఇంట్లో దీపాలూ ఛార్జర్లూ చేసే రొదంతా ఆ అల్లిక పట్టుకుని పైకెక్కి సెట్టులోకి దిగుతుంది. మందు: 2.4 అంగుళాల బయటి వ్యాసమున్న 31 రకం ఫెరైట్ (అయస్కాంత గుణమున్న పింగాణీ లాంటి పదార్థం) రింగు మీద ఆర్‌జీ-58 కేబుల్‌ను 12 చుట్లు చుట్టి డైపోల్ మధ్య ముక్కకు ఆనించి కట్టడం. ఎర్ర రంగు ఐరన్ పౌడర్ రింగు కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది కాబట్టి దాన్ని తెచ్చి చుట్టేవాళ్లున్నారు. దాని పర్మియబిలిటీ (అయస్కాంత క్షేత్రాన్ని పోగుచేసుకునే గుణం) 10, ఫెరైట్‌ది 1500. ఎన్ని చుట్లు చుట్టినా ఈ పనికి అది రాదు.

కేబుల్ సంగతి. 30 మీటర్ల ఆర్‌జీ-58లో 7 మెగాహెర్ట్జ్ దగ్గర పోయేది సుమారు ఒక డెసిబెల్ పైచిలుకు, పట్టించుకోనక్కర్లేదు. అదే కేబుల్‌ను 145 మెగాహెర్ట్జ్‌కు వాడితే ఆరు డెసిబెల్‌ల దాకా పోతుంది. నాలుగు పాళ్లు పంపితే పైకి చేరేది ఒక్క పాలు. అక్కడ కేబుల్ పొడవు తగ్గించడమో, ఆర్‌జీ-213 లాంటి లావు కేబుల్ వేయడమో చేయాలి. రెండింటికీ శత్రువు మాత్రం నీరే. పైన కొస సరిగా మూయకపోతే అల్లిక వత్తిలా నీటిని పీల్చి మీటర్ల దూరం లోపలికి లాక్కుపోతుంది. రాగి నల్లబడుతుంది. ఆ కేబుల్ ఇక ఆరదు, మార్చాల్సిందే. మామూలు ఇన్సులేషన్ టేపు నీటిని ఆపదు. సాగదీసి చుడితే తనలో తానే అతుక్కుపోయే రబ్బరు టేపు దొరుకుతుంది, దాన్ని రెట్టింపు పొడవు అయ్యేలా లాగుతూ, కింది నుంచి పైకి, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పేలా చుట్టాలి. దాని మీద ఎండ తగలకుండా మామూలు టేపు ఒక వరస. ఇంట్లోకి దూరే చోట కేబుల్‌ను ఒక వంపు కిందికి దించి మళ్లీ పైకి తీసుకెళితే, నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

ఇప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్. ఈ అభిరుచిలో ఇంతగా అపార్థం చేసుకున్న అంకె మరొకటి లేదు. అది 1.5 ఉంటే వెనక్కి తిరిగేది నూటికి నాలుగు పాళ్లు. 2 అయితే పదకొండు. 3 అయితే ఇరవై అయిదు. 1.5ను 1.1 చేయడానికి మిద్దె ఎక్కి దిగుతూ ఆదివారాలు పోగొట్టుకునేవాళ్లు దేనికి అంత కష్టపడుతున్నారో ఒకసారి ఆలోచించాలి. ఆ తేడాను అవతలివాడి చెవి పసిగట్టలేదు. దీనికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. మంచి ఎస్‌డబ్ల్యూఆర్ అంటే మంచి యాంటెన్నా అని కాదు. 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (శక్తినంతా వేడిగా మార్చేసే నిరోధకం) 1:1 చూపిస్తుంది, కానీ ఒక్క వాటు కూడా ఆకాశంలోకి పంపదు. అలాగే కేబుల్ పాడైన కొద్దీ మీటరు బాగుపడుతుంది. యాంటెన్నా దగ్గర 3 ఉన్నదనుకోండి. కేబుల్‌లో ఒక్కవైపుకే 3 డెసిబెల్‌లు పోతున్నాయనుకోండి. పోయేటప్పుడు సగం, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ సగం ఆవిరై, సెట్టు దగ్గర మీటరు 1.7 చూపిస్తుంది. నీరు తాగిన కేబుల్‌ను చూసి యజమాని సంతోషిస్తాడు. ఏ మార్పూ చేయకుండా ఎస్‌డబ్ల్యూఆర్ దానంతటదే తగ్గితే అది శుభవార్త కాదు, కేబుల్ విప్పి చూడాలి. చేతిలో ఇమిడే నానోవీఎన్‌ఏ అనే యాంటెన్నా కొలిచే పరికరం ఉన్నవాళ్లు కేబుల్ అవతలి కొస దగ్గర ఓపెన్, షార్ట్, లోడ్ మూడూ పెట్టి క్యాలిబ్రేట్ చేస్తే కేబుల్ ప్రభావం తీసేసి యాంటెన్నాను మాత్రమే చూడవచ్చు. గాలికి ఊగే పొడవాటి తీగలో స్థిర విద్యుత్తు చేరుతుంది కాబట్టి, ఆ పరికరానికి తగిలించే ముందు కేబుల్ మధ్య తీగను అల్లికకు ఒకసారి తాకించాలి. లేకపోతే అది మొదటి రోజే కాలిపోవచ్చు.

తీగ బాగుండీ ఏమీ వినిపించకపోతే దోషం ఇంట్లోనే ఉంటుంది. బ్యాటరీతో నడిచే చిన్న షార్ట్‌వేవ్ రేడియోను 7 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఖాళీ చోట ఏఎమ్‌లో పెట్టి, ఇంటి మెయిన్ స్విచ్ కట్టేయాలి. రొద పోయిందా? ఒక్కో లైనూ, తర్వాత ఆ లైను మీదున్న ఒక్కో వస్తువూ వేస్తూ పోతే దొంగ దొరుకుతుంది. చప్పుడు స్వభావమే సగం చెబుతుంది. డయలు తిప్పుతుంటే ప్రతి 50, 60 కిలోహెర్ట్జ్‌కు ఒకసారి లేచి పడే గుర్రు అయితే ఏదో ఛార్జరు గానీ ఎల్‌ఈడీ దీపం లోపలి సప్లై గానీ. పగలు మాత్రమే ఉండి పొద్దుగూకగానే పోతే సోలార్ ఇన్వర్టర్. ఎండ కాసినన్నాళ్లూ గరగరమని, వాన పడగానే తగ్గిపోతే బయట కరెంటు స్తంభం మీద వదులైన బిగింపు దగ్గర నిప్పురవ్వలు. అది విద్యుత్ సంస్థకు చెప్పాల్సిన పని, మనం ఎక్కాల్సిన స్తంభం కాదు. ఇంట్లో దొరికిన వస్తువు వైరును ఫెరైట్ రింగులోంచి ఒక్కసారి దూర్చి ఊరుకుంటే ఫలితం కనిపించదు. పనిచేసేది చుట్ల సంఖ్య వర్గాన్ని బట్టి. అయిదు చుట్లు చుడితే ఒక్క చుట్టుకు ఇరవై అయిదింతలు.

విపత్తు వార్తల్లో తరచూ రాసే వాక్యం ఉంది: ఫోన్లు మూగబోయినా హ్యామ్ రేడియో పనిచేస్తుంది. నిజమే, కానీ దానంతటది పనిచేయదు. వంద వాట్ల సెట్టు ప్రసారంలో 20 ఆంపియర్ల పైన తాగుతుంది. దాని మీద రాసి ఉండేది 13.8 వోల్టులు, 15 శాతం అటూ ఇటూ. అంటే 11.7 కన్నా తగ్గితే గొంతు బొంగురుపోతుంది, లేదా సెట్టు ఆగిపోతుంది. నిండా ఛార్జయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇచ్చేదే 12.6. మూడు మీటర్ల దూరాన బ్యాటరీ పెట్టి ఒక చదరపు మిల్లీమీటరు వైరు వేస్తే, పోను రాను ఆరు మీటర్ల రాగిలో 20 ఆంపియర్లకు రెండు వోల్టులు పడిపోతాయి. సెట్టుకు చేరేది 10.6. అదే ఆరు చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది వోల్టులో మూడో వంతు. సరిగ్గా అవసరమైన రాత్రి సెట్టు పలకకపోవడానికి అన్నిటికన్నా మామూలు కారణం ఈ సన్నటి వైరే. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, సెట్టు పక్కన కాదు. వైరు మధ్యలో షార్టయితే కాలేది బ్యాటరీ నుంచి ఫ్యూజు దాకా ఉన్న భాగమే.

40 ఆంపియర్ అవర్ బ్యాటరీలో భద్రంగా వాడుకోగలిగేది సగం. ఉత్తినే వింటున్నప్పుడు సెట్టు ఒక ఆంపియరు దాకా తీసుకుంటుంది. పది పాళ్లలో ఒక పాలు మాట్లాడుతూ, మాటలో సగటు ఎనిమిది ఆంపియర్లనుకుంటే గంటకు 1.7 ఆంపియర్ అవర్లు. అంటే దాదాపు పన్నెండు గంటలు. వంద వాట్లను 25కు తగ్గిస్తే అవతలివాడి మీటరు మీద పోయేది ఒక్క ఎస్ యూనిట్ (సంకేత బలం కొలతలో ఒక మెట్టు) మాత్రమే, ఆరు డెసిబెల్‌లు. కరెంటు మాత్రం దాదాపు సగానికి వస్తుంది. అందుకే విపత్తు నెట్‌లో (హ్యామ్‌లంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలిసి సమాచారం అందించుకునే ఏర్పాటులో) అనుభవమున్నవాళ్లు మొదట చేసేది పవరు తగ్గించడం, తీగ ఎత్తు పెంచడం.

కట్టిన తీగ ఎలా పనిచేస్తోందో తెలుసుకోవడానికి ఇప్పుడు మంచి దారి ఉంది. భౌతికశాస్త్రంలో 1993 నోబెల్ పొందిన జో టేలర్ కూడా ఒక హ్యామే. ఆయన 2008లో తెచ్చిన డబ్ల్యూఎస్‌పీఆర్ అనే బలహీన సంకేతాల పద్ధతిలో ఒక్కో ప్రసారం 110.6 సెకన్లు, వెడల్పు ఆరు హెర్ట్జ్. అయిదో వంతు వాటుతో పంపినా ప్రపంచం నలుమూలల రిసీవర్లు ఎంత బలంగా విన్నాయో అంకెల్లో రాసిపెడతాయి. కంప్యూటరు గడియారం ఒకటి రెండు సెకన్లకు మించి తప్పకూడదు, లేకపోతే ఎవరికీ ఏమీ అందదు. రెండు యాంటెన్నాలను పోల్చాలంటే ఒక రోజు ఒకటి, మరో రోజు ఇంకొకటి పెట్టి చూడకూడదు. ఆకాశం రోజూ ఒకలా ఉండదు. రెండేసి నిమిషాలకు ఒకటి మార్చి ఒకటి వాడి, ఒకే ఊళ్లోని ఒకే రిసీవర్ ఇచ్చిన అంకెల్నే పక్కపక్కన పెట్టాలి. ప్రసారానికి లైసెన్సు కావాలి కాబట్టి అది వచ్చేదాకా ఇదే తీగతో ఈ సంకేతాలను వింటూ, ఏ వేళకు ఏ దిక్కు తెరుచుకుంటుందో రాసుకోవచ్చు. ఆ అలవాటే తర్వాత ఎక్కువ అక్కరకొస్తుంది.

మరో చిన్న సవరణ కూడా అడుగుతున్నాను. ఎస్‌ఓఎస్ అంటే 'సేవ్ అవర్ సోల్స్' అని వార్తల్లో తరచూ రాస్తారు. ఆ అక్షరాలు దేనికీ పొట్టి రూపం కావు. 1906లో బెర్లిన్‌లో జరిగిన రేడియో సమావేశంలో మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు విరామం లేకుండా కలిపి పంపే ఈ సంకేతాన్ని ఎంచుకున్నారు, ఎంత రొదలోనైనా గుర్తుపట్టవచ్చని. అర్థం తర్వాత జనం అతికించుకున్నది.

వచ్చే ఏప్రిల్ 18కి ఫొటో తీయడానికి మీ ఫొటోగ్రాఫర్‌ను పంపినప్పుడు దయచేసి ఆ కేబుల్ వెంట మిద్దె మీదికి వెళ్లమనండి. మధ్య ముక్క, దాని కింద రింగు చుట్టిన చోక్, రెండు వైపులా సాగిన తీగ, చివర మడత ఫ్రేములో పడాలి. కింద వ్యాఖ్యలో పొడవు ఎంతో రాయండి: 7.1 మెగాహెర్ట్జ్‌కు 20 మీటర్ల 14 సెంటీమీటర్లు.

ఇట్లు,
ఒక హ్యామ్ రేడియో ఆపరేటర్